ఆరోగ్య సేవాసంస్థల పాలకమండలి – అందులో మన స్థానం
(పాఠశాల ప్లాటినమ్ జూబ్లీ ఉత్సవాల సందర్భంగా ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదు సంవత్సరాలు నిండిన తెలుగు పాఠశాల పండుగలో పాఠశాల చరిత్రను గురించి, భాషను గురించి మాట్లాడడం ఆనవాయితీ. ఆ విషయాలను నాకంటె బాగా చెప్పగల పెద్దలు ఈ వేదికపై ఉన్నారు. కనుక నేను వేరొక విషయాన్ని ఎన్నుకొన్నాను. మన కామాఠీపురా గల్లీలకు, వర్లీ, లోయర్ పరేల్ చాళ్ళకు ఎన్నో ఆరోగ్య సేవాసంస్థలు వస్తూ ఉంటవి. క్షయ నివారణకు ఒకరు, ఎయిడ్స్ నివారణకు ఒకరు, కంటి పరీక్షలకు మరొకరు. వారు తెచ్చే కరపత్రం మీద ఒక పక్కన కొన్ని పేర్లు అచ్చువేసి ఉంటవి. అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి, ట్రస్టీలు. మనం మందు తీసుకొంటాము, కళ్ళజోడు తీసుకొంటాము, ఆ పేర్లను మాత్రం చదవము. ఆ పేర్లు ఎవరివి, వారు ఏ అనుభవంతో ఆ కుర్చీలలో కూర్చున్నారు, ఆ కుర్చీలలో మనవారు ఎందుకు కనిపించరు అన్నదే ఈనాటి నా విషయం.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. మనం నిలిచి ఉన్న ఈ నేలమీదనే నూరేళ్ళకు పూర్వం అది పుట్టింది. 1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ ప్రాంతంలో ప్లేగు బయటపడింది. దానిని గుర్తించినవారు డాక్టర్ అకాసియో గాబ్రియేల్ వీగాస్. మనకు నడక దూరంలో ఉన్న గ్రాంట్ మెడికల్ కళాశాలలోని ఒక చిన్న గదిలో హాఫ్‌కిన్ మహాశయుడు ప్లేగు టీకాను తయారుచేసి, 1897 జనవరి 10వ తేదీన మొదట తన శరీరం మీదనే ప్రయోగించుకొన్నాడు. ఆ తరువాత బైకుల్లా జైలులోని ఖైదీలలో ముందుకు వచ్చినవారికి ఆ టీకా వేశారు. శాస్త్రం తన పని తాను చేసింది. పాలన సంగతి వేరు.

1897 మార్చిలో ప్రభుత్వం ఒక ప్లేగు కమిటీని నియమించింది. దానికి అధ్యక్షుడు బ్రిగేడియర్ జనరల్ గాటకర్ అనే సైనికాధికారి. మునిసిపల్ కమిషనరు, ఒక వైద్యుడు, ఒక ఇంజనీరు సభ్యులు. వారెవరూ అసమర్థులు కారు. కాని ఆ కూర్పును ఒకసారి గమనించండి. సైనికునికి శత్రువును చుట్టుముట్టడం తెలుసు, ఇంజనీరుకు మురుగు కాలువ తెలుసు, వైద్యునికి రోగం తెలుసు. ఒక్క ఖోలీలో రెండు కుటుంబాలు కాపురముండే ఇంట్లోనికి పరాయి మనిషి వచ్చి జ్వరపడిన ఆడపిల్లను చేయి పట్టుకొని తీసుకొనిపోతే ఆ ఇంటి వారికి ఎట్లా ఉంటుందో చెప్పగలవారు ఆ బల్ల చుట్టూ ఒక్కరు కూడా లేరు. ఇళ్ళ సోదాలు జరిగినవి. గోడలమీద ‘మానవ నివాసానికి అనర్హం’ అనే అర్థంతో మూడు ఇంగ్లీషు అక్షరాలు రాశారు. జనం రోగులను దాచిపెట్టారు, వేలాదిగా నగరం విడిచి పోయారు. అంతకుముందే, 1896 అక్టోబరులో, మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆస్పత్రి మీద దాడి చేసి ఉన్నారు. 1898 మార్చి 9వ తేదీన మన పొరుగుననే ఉన్న మదన్‌పురాలో నేత కార్మికులు తిరగబడ్డారు. జబ్బుపడిన ఒక బాలికను పరీక్షించే విషయమై మొదలైన గొడవ నగరమంతటా అల్లరిగా మారి ప్రాణాలు పోయినవి. ఆ తరువాతనే కఠిన నిబంధనలు సడలినవి, ఆయా కులాల, మతాల పెద్దల సహకారం కోరడం పెరిగింది.

అదే సంవత్సరం బొంబాయి నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడింది. ఇరుకు పేటలను కూల్చి, గాలి వెలుతురు వచ్చే వీధులు వేసి రోగాన్ని తరిమివేయడం దాని ఆశయం. దాని ట్రస్టీలలో ప్రభుత్వాధికారులు, మునిసిపల్ కార్పొరేషను ఎన్నుకొన్నవారు, వర్తక సంఘం, మిల్లు యజమానుల సంఘం, ఓడరేవు ట్రస్టు పంపినవారు ఉన్నారు. భారతీయులు కూడా లేకపోలేదు. అద్దెకుండేవారికి మాత్రం ప్రత్యేక స్థానం లేదు. ట్రస్టు మొదట చేపట్టిన పథకాలలో మన పక్కనున్న నాగ్‌పాడా ఒకటి. వీధులు వెడల్పయినవి, కాని కూల్చిన గదులకు తగినన్ని గదులు సకాలంలో కట్టలేదనీ, కట్టిన వాటి అద్దె బీదలకు అందుబాటులో లేదనీ విమర్శ వచ్చింది. ఇల్లు పోయినవారు పక్క పేటలోని మరింత ఇరుకు చాళ్ళలో తలదాచుకొన్నారు. గోడలు ఎవరివి, అద్దె ఎవరు కడతారు అని అడగవలసిన మనిషి బల్ల దగ్గర లేకపోతే ఎంత మంచి ఆశయమైనా ఇట్లాగే దారి తప్పుతుంది. మన పేటల పునర్నిర్మాణాన్ని గురించి ఇప్పుడు జరుగుతున్న చర్చలను వింటున్నవారు ఈ కథను మరువకూడదు.

ఇక ఒక మంచి ఉదాహరణ చెబుతాను. ఇందులో మన తెలుగువారి పాత్ర ఉన్నది, బొంబాయి పాత్ర కూడా ఉన్నది.

అంధత్వ నివారణ కోసం ప్రపంచమంతటా పనిచేసే సంస్థలను ఒక్కతాటి మీదకు తెచ్చే అంతర్జాతీయ సంస్థ ఒకటి 1975లో ఏర్పడింది. దాని పేరును తెలుగులో అంతర్జాతీయ అంధత్వ నివారణ సంస్థ అనవచ్చును. దాని స్థాపక అధ్యక్షుడు సర్ జాన్ విల్సన్. ఆయన వైద్యుడు కాడు, ధనవంతుడు కాడు. ఇంగ్లండులో పన్నెండేళ్ళ వయసున బడిలో రసాయనశాస్త్ర ప్రయోగం చేస్తూండగా పేలుడు జరిగి రెండు కళ్ళూ పోగొట్టుకొన్న బాలుడు. పెరిగి పెద్దవాడై ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్రం చదివాడు. 1950లో కామన్‌వెల్తు దేశాల అంధుల కోసం ఒక సంస్థను స్థాపించాడు. అంధత్వంలో అధికభాగం నివారించదగినదే అన్న మాటను ప్రభుత్వాల చెవిన వేయడానికి జీవితాన్ని ధారపోశాడు. ముల్లు గుచ్చుకొన్న కాలికే నొప్పి తెలుస్తుందని మన పెద్దలు అంటారు. ఆ నొప్పి తెలిసినవాడు అధ్యక్షుడైతే సంస్థ దేనిని ముందు చూస్తుందో ఆయన చూపించాడు.

అదే సంస్థకు 1998 నుండి 2004 వరకు ప్రధాన కార్యదర్శిగా, 2004 నుండి 2008 వరకు అధ్యక్షులుగా పనిచేసినవారు మన తెలుగువారు, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు. కృష్ణా జిల్లాలో పుట్టినవారు. తండ్రిగారు కూడా నేత్రవైద్యులే. గుంటూరు వైద్య కళాశాలలోను, ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలోను చదివి, అమెరికాలో పేరు తెచ్చుకొని, స్వదేశానికి తిరిగివచ్చి 1987లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థను స్థాపించారు. ఆయన ప్రధాన కార్యదర్శిగా ఉన్న కాలంలోనే, 1999 ఫిబ్రవరి 18వ తేదీన, జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి ‘విజన్ 2020 – చూపు అందరి హక్కు’ అనే ప్రపంచ ఉద్యమం ఆరంభమైంది.

ఆ ఆస్పత్రికి పేరిచ్చిన ఎల్.వి. ప్రసాద్ గారిని గురించి ఈ సభకు ప్రత్యేకంగా చెప్పాలి. 1908లో ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టిన ఆ రైతుబిడ్డ, మన తాతలవలెనే, చేతిలో డబ్బు లేకుండా ఈ బొంబాయి నగరానికి వచ్చాడు. వీనస్ ఫిల్మ్ కంపెనీలో చెప్పిన పనల్లా చేసే కుర్రవాడిగా చేరాడు. హిందీ, తమిళం, తెలుగు భాషలలో తొలి టాకీలుగా చెప్పే ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, ‘భక్త ప్రహ్లాద’ మూడింటిలోనూ నటించాడు. ఆ తరువాత దర్శకుడై, నిర్మాతయై దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకొన్నాడు. అటువంటి మనిషి కంటి ఆస్పత్రికి అయిదు ఎకరాల భూమినీ, కోటి రూపాయలనూ ఇచ్చాడు. ఒక వైద్యుని విద్య, ఒక వలస కార్మికుని కష్టార్జితం కలిసి ఆ సంస్థ నిలబడింది.

ఈ నేపథ్యాలు కేవలం గొప్ప చెప్పుకోవడానికి పనికివచ్చేవి అయితే నేను మీ సమయం తీసుకోను. అవి సంస్థ తీసుకొనే నిర్ణయాలలో కనిపిస్తవి. 1996 నుండి 2000 వరకు ఆ సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించి ఒక పెద్ద అధ్యయనం చేసింది. నూటికి 1.84 మంది అంధులని తేలింది. ఆ అంధత్వంలో 44 శాతానికి శుక్లాలు, 16.3 శాతానికి సరైన కళ్ళజోడు లేకపోవడం కారణాలు. అంటే అయిదింట మూడు వంతులు ఒక చిన్న శస్త్రచికిత్సతోనో, ఒక కళ్ళజోడుతోనో పోయే చీకటి. నగరంలో మరొక పెద్ద భవనం కడితే ఈ చీకటి పోదని ఆ సంస్థ గ్రహించింది. ఆదిలాబాదు జిల్లా ముధోల్‌లో 1996లోనే గ్రామీణ నేత్రవైద్య కేంద్రం తెరిచింది. ఈ సభలో ఎందరి ఊళ్ళో ఆ చుట్టుపక్కలనే ఉన్నవి. తరువాత మెట్ల వరుసగా ఏర్పాటు జరిగింది. సుమారు 50,000 జనాభాకు ఒక దృష్టి కేంద్రం, దానిని ఆ ప్రాంతపు యువతీయువకులే శిక్షణ పొంది నడుపుతారు. అయిదు లక్షలకు ఒక శస్త్రచికిత్సా కేంద్రం, అరకోటికి ఒక పెద్ద ఆస్పత్రి, అన్నిటి పైన హైదరాబాదు. పల్లెటూరు తెలిసినవారు పైన కూర్చుంటే మెట్లు కిందినుండి కట్టడం మొదలుపెడతారు.

అయితే నాణేనికి రెండవ వైపు కూడా చూడాలి. ఒక్క మంచి మనసు, ఒక్క పెద్ద పేరు చాలునా? 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో 108 అత్యవసర అంబులెన్సు సేవ మొదలైంది. దానిని నడిపిన లాభాపేక్ష లేని సంస్థకు అధ్యక్షులు సత్యం కంప్యూటర్స్ అధినేత బి. రామలింగరాజు గారు. ఆ సేవ వలన ఎందరో ప్రాణాలు దక్కించుకొన్నారు. 2009 జనవరి 7వ తేదీన, తన కంపెనీ లెక్కలు ఏళ్ళ తరబడి తప్పుగా చూపించినట్లు ఆయనే లేఖ రాసి ఒప్పుకొన్నారు. కంపెనీ కుప్పకూలింది. అంబులెన్సులు మాత్రం ఆగలేదు. శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నారు, ప్రభుత్వాలతో ఒప్పందాలు ఉన్నవి. ఆ సంవత్సరమే జి.వి.కె. సంస్థ నిర్వహణ బాధ్యతను స్వీకరించింది. ఇందులో రెండు పాఠాలున్నవి. పెద్ద పేరును చూసి లెక్కలు అడగడం మానకూడదు. సంస్థ ఒక్క మనిషి భుజం మీద కాక పద్ధతి మీద నిలబడాలి.

ఇప్పుడు మన గల్లీలకు మిక్కిలి దగ్గరి విషయానికి వస్తాను. ఎయిడ్స్ మహమ్మారి పేరు చెప్పి కామాఠీపురాను ప్రపంచమంతా వేలెత్తి చూపిన రోజులు మనందరికీ గుర్తున్నవి. మన ఇంటి చిరునామా చెబితే ఉద్యోగం రాదేమోనని, పెళ్ళి సంబంధం తప్పిపోతుందేమోనని మన పిల్లలు భయపడిన రోజులవి. ఆ వ్యాధిని గురించి తీర్మానాలు చేసిన మహాసభలలో ఆ గల్లీల స్త్రీలు అంకెలుగా మాత్రమే కనిపించేవారు. క్రమంగా మార్పు వచ్చింది. 1994 డిసెంబరు 1వ తేదీన పారిస్‌లో 42 దేశాలు సమావేశమై, వ్యాధితో జీవిస్తున్నవారికి నిర్ణయాలలో భాగం ఉండాలని అంగీకరించినవి. కలకత్తా సోనాగాచీలో డాక్టర్ స్మరజిత్ జానా 1992లో ఆరంభించిన ఆరోగ్య పథకంలో ఆ పేట స్త్రీలే తోటివారికి ఆరోగ్య పాఠాలు చెప్పారు. 1995లో దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ పేరుతో తమ సంఘాన్ని స్థాపించుకొన్నారు. 1999లో ఆ పథకం నిర్వహణ వారి సంఘం చేతికే వచ్చింది. నిన్నటిదాకా మందు కోసం వరుసలో నిలబడిన స్త్రీ, మందు కొనుగోలు కాగితం మీద సంతకం చేసింది.

2002లో ఏర్పడిన గ్లోబల్ ఫండ్ అనే అంతర్జాతీయ సంస్థ ఎయిడ్స్, క్షయ, మలేరియా వ్యాధుల మీద పోరాటానికి నిధులు సమకూర్చుతుంది. దాని పాలకమండలిలో ఓటు హక్కు గల స్థానాలు ఇరవై. పది స్థానాలు నిధులిచ్చే ప్రభుత్వాలకు, వ్యాపార సంస్థలకు, దాతృత్వ సంస్థలకు. పది స్థానాలు నిధులు అందుకొనే పక్షానికి. ఆ పదింటిలో ఒకటి ఆ వ్యాధులతో జీవిస్తున్నవారి, వాటివలన బాధపడినవారి ప్రతినిధిది. 2019 నుండి 2023 వరకు ఆ మండలికి అధ్యక్షులుగా ఉన్న డొనాల్డ్ కబెరూకా అంతకుముందు ర్వాండా దేశపు ఆర్థికమంత్రి, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు అధ్యక్షులు. పిల్లల టీకాల కోసం 2000లో ఏర్పడిన గావీ సంస్థకు 2016 నుండి 2020 వరకు అధ్యక్షురాలిగా ఉన్న ఎన్‌గోజీ ఒకోంజో-ఇవేలా నైజీరియా ఆర్థికమంత్రిగా పనిచేసిన మహిళ. కోట్ల డాలర్ల లెక్క చూడగల అటువంటివారు కావాలి. రోగాన్ని ఎరిగిన వైద్యులు కావాలి. వీరిద్దరి పక్కన ఆ రోగంతో కాపురం చేసిన మనిషి కూడా కూర్చోవాలి. లెక్క తెలిసిన మనిషి ఎంత ఖర్చయిందని అడుగుతాడు, వైద్యుడు ఎందరికి నయమైందని అడుగుతాడు. అనుభవించిన మనిషి, ఆస్పత్రికి రాని వారెవరని అడుగుతాడు. మూడవ ప్రశ్న అడిగేవారు లేక 1897లో ఈ నగరం ఎంత నష్టపోయిందో ఇంతకుముందు మనవి చేశాను.

మరి ఆ మూడవ కుర్చీలో మనవారు ఎందుకు కనిపించరు? మనవారికి నాయకత్వం చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కామాఠీపురా పేరులోనే నిజాం రాజ్యపు తెలుగు కూలీల శ్రమ ఉన్నది. 1873లో మహాత్మా జ్యోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో జాయా కారాడి లింగు, వ్యంకు బాళాజీ కాళేవార్ వంటి తెలుగు గుత్తేదారులు ప్రముఖులు. అడ్డు వచ్చేది తెలివి కాదు, అలవాటు. బల్ల దగ్గర కూర్చొని కాగితం చదివి, అందరి ఎదుట ప్రశ్న అడిగే అలవాటు మనకు ఇంట్లో రాదు, చాల్‌లో రాదు. అది బడిలో రావాలి.

అందుకు చట్టం మనకు ఒక తలుపు తెరిచింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలలలో నిర్వహణ సమితి ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు. నిధుల వినియోగాన్ని చూడడం ఆ సమితి పని. మన సమితిలో తల్లులు ఉన్నారు. బీడీలు చుట్టే పని, ఇళ్ళలో పని మానుకొని, ఒక పూట కూలి పోగొట్టుకొని సమావేశానికి వస్తారు. వచ్చి చూపిన చోట సంతకం పెట్టి వెళ్ళిపోతారు. వారు మాట్లాడిన రోజున ఈ పాఠశాల బాగుపడింది. మూడవ అంతస్తు కుళాయిలో నీళ్ళు రావని, ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదని మాకు చెప్పినవారు తల్లులే. ఆ లోపాలు ఏ తనిఖీ నివేదికలోనూ కనిపించలేదు. ఆరోగ్య సంస్థ పాలకమండలిలో చేయవలసిన పని కూడా ఇదే. బల్ల పెద్దది, ప్రశ్న ఒక్కటే.

కనుక ఈ జూబ్లీ సంవత్సరంలో మూడు పనులు చేయాలని ఉపాధ్యాయులమందరం నిశ్చయించుకొన్నాము. సమితి సమావేశపు మినిట్స్ పుస్తకాన్ని ఇకమీదట తెలుగులో రాసి, సంతకానికి ముందు పైకి చదివి వినిపిస్తాము. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఒక సంస్థ జమాఖర్చుల పట్టికను చదవడం లెక్కల పాఠంలో భాగంగా నేర్పుతాము. మన గల్లీలకు వచ్చే ఆరోగ్య సంస్థల ప్రతినిధులను పాఠశాలకు ఆహ్వానించి, వారి పాలకమండలిలో ఎవరెవరున్నారో పిల్లల చేతనే అడిగిస్తాము. ఈ రాష్ట్రంలో ప్రతి ప్రజా ట్రస్టు ఛారిటీ కమిషనరు వద్ద నమోదై ఉండాలి, లెక్కలు దాఖలు చేయాలి, ట్రస్టీలు మారితే తెలియజేయాలి. అడగడం అమర్యాద కాదని పిల్లలకు తెలియాలి.

పూర్వ విద్యార్థులకు నాదొక విన్నపం. మీలో వైద్యులు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, ఆడిటర్లు ఉన్నారు. ఈ జూబ్లీకి మీరు ఇచ్చిన విరాళాలకు కృతజ్ఞతలు. దానితోపాటు నెలకొక సాయంత్రం ఇవ్వండి. ఏదైనా ఒక ఆరోగ్య సంస్థ కమిటీలో చేరి, పక్కన ఈ గల్లీలలో కాపురముండే ఒక తల్లికి కూడా కుర్చీ వేయించండి. మీరు లెక్క చూడండి, ఆమె ఇల్లు చూస్తుంది. ఇంగ్లీషులోనో మరాఠీలోనో జరిగే చర్చను ఆమెకు తెలుగులో చెప్పండి. ఆమె మాటను వారికి చెప్పండి. రెండు భాషల మధ్య నిలబడి చెప్పడం ఈ నగరపు తెలుగు బిడ్డకు చిన్ననాటినుండి వచ్చిన విద్య.

తెలుగు మాధ్యమంలో చదివి ఏం సాధిస్తారని అడిగే తల్లిదండ్రులు ఈనాడు ఎక్కువయ్యారు. వారి ఆందోళనను నేను తక్కువ చేయను. ప్రతి జూన్‌లో ఒకటవ తరగతి హాజరు పట్టిక తెరిచినప్పుడు ఆ ఆందోళన నాకూ కలుగుతుంది. వారికి నేను చెప్పగలిగినది ఇది. ఇంట్లో మాట్లాడే భాషలో ప్రశ్న అడగడం నేర్చిన పిల్లవాడు, ఆ తరువాత ఏ భాషలోనైనా అడగగలడు. సొంత భాషలో నోరు మూసుకొనడం అలవాటైన పిల్లవానికి ఎన్ని భాషలు వచ్చినా లాభం లేదు.

ఈ పాఠశాల శతజయంతి నాటికి, మన గల్లీకి వచ్చే ఏ ఆరోగ్య సంస్థ కరపత్రం మీదనైనా మన బడిలో చదివిన ఒక పేరు, మన గల్లీలో కాపురముండే ఒక తల్లి పేరు కనిపించాలని నా కోరిక.